మచ్చు కాసు

నడుమ చిల్లు పెట్టిన బంగారు డాలరు ఒకటి ఉంది. 1852లో ఫిలడెల్ఫియా టంకశాల దాన్ని తయారుచేసి చూసుకుంది. దేశం పేరు, విలువ, సంవత్సరం, కాస్త ఆకుల అల్లిక, అన్నీ చిల్లు చుట్టూ మిగిలిన సన్నని పట్టీ మీదే సర్దుకున్నాయి. దాంతో ఎవరూ రొట్టె కొనలేదు, అప్పు తీర్చలేదు. చట్టం దాన్ని నాణెంగా ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇలా చేస్తే ఎలా ఉంటుంది అని ఎవరో అడిగారు, చేసి చూపించారు, అక్కడితో ఆగిపోయింది.

దాని ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు మా తాతయ్య రేకు డబ్బా గుర్తొచ్చింది.

తాతయ్య బంగారం పనిచేసేవారు. వసారాలో ఓ మూల కుంపటి, దాని పక్కన ఊదుగొట్టం, మూసలు, దాగలి, కమ్మచ్చు, ఎర్ర గుడ్డలో చుట్టిన త్రాసు. ఎవరైనా కొత్త రకం అడిగితే వెంటనే వాళ్ల బంగారం ముట్టుకునేవారు కాదు. "ముందు రాగి మీద చూద్దాం తల్లీ. నీ మనసుకు నచ్చాక పుత్తడి మాట" అనేవారు. కంచు దిమ్మలో చెక్కిన అచ్చు మీద పలచని రాగిరేకు పరిచి, పైన సీసం ముక్క పెట్టి, దెబ్బ దెబ్బా కొలిచినట్టు సుత్తి వేసేవారు. రేకు తీసి ఇస్తే ఆవిడ మెడ దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకునేది. "అమ్మవారి మొహం కాస్త కోలగా ఉంది ఆచారిగారూ" అంటే మళ్లీ అచ్చు దిద్దడానికి కూర్చునేవారు. పనికిరాని ఆ రాగి ముక్కను మాత్రం పారేసేవారు కాదు. బిస్కెట్ల డబ్బాలో వేసేవారు.

ఆయన పోయాక ఆ డబ్బా నా వంతుకు వచ్చింది. సగం సగం జుంకాలు, రెక్కలు అతుక్కుపోయిన హంస, కళ్లు లేని నెమలి, లక్ష్మీకాసులు ఓ పదిహేను. ఒక కాసు మీద కమలం పక్కన సన్నని గీత ఉంది, ఇది ఇటు జరగాలి అన్నట్టు. ఆ గీత ఆయన చేతిది. మా ఇంటి ఆడవాళ్ల మెడల్లో ఉన్న నగల కన్నా ఆ గీత దగ్గరే ఆయన నాకు ఎక్కువ కనిపిస్తారు. నగలో పని అయిపోయింది. గీతలో ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు.

నాణేలు సేకరించేవాళ్లు ఇలాంటి వాటిని ప్యాటర్న్ అంటారు. నాకు మచ్చు అన్న మాటే నచ్చుతుంది. ధాన్యం బేరానికి పోయేవాళ్లు గుప్పెడు గింజలు మూటకట్టి తీసుకెళ్లి చూపిస్తారే, అది మచ్చు. అసలు ధాన్యం గాదెలో ఉంటుంది. టంకశాల మచ్చు విషయంలో ఒక్కటే తేడా. అక్కడ గాదె ఇంకా నిండలేదు, నిండుతుందన్న నమ్మకం కూడా లేదు. బేరం కుదిరితేనే పంట. అలా బేరం కుదరక మిగిలిపోయిన మచ్చు కాసుల వెంట నేను కొన్నేళ్లుగా పుస్తకాల్లోనూ ఫొటోల్లోనూ తిరుగుతున్నాను. అమెరికా అనే దేశం బంగారం మీద తన మొహం ఎలా ఉండాలో తేల్చుకోలేక తడబడిన వైనం వాటిలో ఉన్నంత సూటిగా చట్టాల్లో లేదు.

టంకశాల కన్నా ముందే ఒక కంసాలి ఉన్నాడు. న్యూయార్క్ నగరంలో ఎఫ్రయిమ్ బ్రాషర్. చెర్రీ వీధిలో జార్జి వాషింగ్టన్ ఉన్నప్పుడు ఆయనకు ఇరుగుపొరుగు. ఆ రోజుల్లో అక్కడ చెలామణి అయ్యే బంగారమంతా పరదేశాలదే, స్పెయిన్‌ది, పోర్చుగల్‌ది, ఇంగ్లండ్‌ది. అంచులు గీకినవి, అరిగినవి, దొంగవి కూడా వాటిలో కలిసి ఉండేవి. బ్రాషర్ వాటిని తూచి, వన్నె చూసి, సరిగా ఉన్నవాటి మీద తన పొడి అక్షరాలు రెండు, ఈ బీ అని కొట్టి ఇచ్చేవాడు. ఆ ముద్ర ఉంటే జనం మళ్లీ తూచకుండా పుచ్చుకునేవాళ్లు. మన ఊళ్లో ఫలానా ఆచారి చేతి బంగారం అంటే ఒరగల్లు అక్కర్లేదు అనుకోవడం లాంటిదే ఇది. 1787లో రాగి నాణేలు కొట్టే హక్కు కావాలని అతను న్యూయార్క్ రాష్ట్రానికి అర్జీ పెట్టుకున్నాడు. దక్కలేదు. కానీ అదే ఏడు వేసిన బంగారు కాసు మాత్రం మిగిలింది. ఒకవైపు కొండ మీంచి పొడిచే సూర్యుడు, మరోవైపు రెక్కలు విప్పిన గద్ద, రెక్క మీద అదే ఈ బీ ముద్ర. ఒకే ఒక్క దాని మీద ఆ ముద్ర గద్ద రొమ్ము మీద పడింది. బరువు రెండు తులాల పైచిలుకు. లోకంలో ఏడు మాత్రమే తెలుసు. వాటిలో ఒకటి 2021లో వేలానికి వస్తే తొంభై లక్షల డాలర్లు దాటి పలికింది. అది మచ్చా, చెలామణికి వేసిందా, ముచ్చటగా వేసుకున్నదా అని పండితులు వాదించుకుంటారు. నా వరకు అది ఒక కంసాలి దేశానికి చూపించిన మచ్చు. నాకు చేతనవునని అతను చెప్పదలచిందంతా అందులో ఉంది.

1792 ఏప్రిల్ 2న టంకశాల చట్టం వచ్చింది. పది డాలర్ల బంగారు నాణేనికి ఈగిల్ అని పేరు పెట్టారు, గద్ద అన్నమాట. వరాహం బొమ్మ నుంచి మనకు వరహా అన్న పేరు దిగినట్టే. నాణెం మీద ప్రెసిడెంటు తల వేద్దామని సెనేట్ అంటే, అది రాజులు చేసే పని అని ప్రతినిధుల సభ అడ్డుపడింది. చివరికి స్వేచ్ఛకు చిహ్నమైన రూపం ఒకటి ఉండాలి అని మాత్రం చట్టంలో రాసుకున్నారు. ఆ రూపం ఏమిటో రాయలేదు. ఈ కథంతా ఆ ఖాళీలోంచే వచ్చింది. ప్రతి చెక్కుడువాడూ ఆ ఖాళీని తన చేతికి వచ్చినట్టు నింపవలసి వచ్చింది.

చట్టం వచ్చాక కూడా మూడేళ్లు బంగారం ముట్టుకోలేకపోయారు. లోహం పరీక్షించే అధికారి, నాణేలు కొట్టించే అధికారి చెరో పదివేల డాలర్ల పూచీకత్తు ఇస్తేనే వెండీ బంగారం వాళ్ల చేతికి ఇవ్వాలని షరతు. వాళ్ల ఏడాది జీతం 1,500 డాలర్లు. అంత పూచీ ఎక్కడినుంచి తెస్తారు? 1794లో కాంగ్రెస్ ఆ మొత్తాన్ని తగ్గించాక గాని వెండి కదల్లేదు. బంగారం 1795 జులై 31న కదిలింది. ఆ రోజు అప్పగించినవి అయిదు డాలర్ల నాణేలు 744.

రాబర్ట్ స్కాట్ చెక్కిన ఆ తొలి బంగారాన్ని చూస్తే ఒకటి తెలుస్తుంది. వాళ్లకు మచ్చు దింపి చూసుకునే తీరిక లేదు. బజారులోకి వెళ్లిన నాణేలే మచ్చులు. మొదట నక్షత్రాలు 15. 1796లో టెనెసీ కొత్త రాష్ట్రంగా చేరగానే 16. ఇలా రాష్ట్రం చేరినప్పుడల్లా చుక్క చేరిస్తే చోటెక్కడిదని అనుకున్నారేమో, తొలి రాష్ట్రాల లెక్కకే తిరిగొచ్చి 13 దగ్గర ఆగారు. 1797 నాటి అయిదు డాలర్ల నాణేల్లో 15 చుక్కలవీ ఉన్నాయి, 16 చుక్కలవీ ఉన్నాయి. గద్ద మొదట కొమ్మ మీద వాలిన చిన్న పక్షి. తర్వాత రొమ్మున డాలు కట్టుకున్న రాచముద్ర పక్షి అయింది. విలువ మాత్రం ఎక్కడా రాయలేదు. బంగారం బరువే విలువ, చదవడమెందుకు అన్న రోజులు. అయిదు డాలర్లు అన్న సంగతి నాణెం మీదికి ఎక్కడానికి 1807లో జాన్ రీచ్ రావలసి వచ్చింది.

ఆ బంగారం దేశంలో నిలవలేదు. బంగారానికి పదిహేను రెట్ల వెండి అని చట్టం లెక్క కట్టింది. యూరప్‌లో బంగారం అంతకన్నా ప్రియం. తెలిసినవాళ్లు నాణేలను ఓడలెక్కించి, అక్కడ కరిగించి, లాభం చేసుకున్నారు. 1834లో నాణెంలో బంగారం తగ్గించి లెక్క సరిదిద్దాక గాని అది జనం చేతుల్లో కనిపించలేదు.

ఈలోగా దక్షిణాన వేరే కథ నడిచింది. 1799లో నార్త్ కరోలినాలో కాన్రాడ్ రీడ్ అనే పన్నెండేళ్ల కుర్రాడికి వాగులో పచ్చగా మెరిసే రాయి ఒకటి దొరికింది. 17 పౌన్ల బరువు. ఆ రైతు కుటుంబం దాన్ని మూడేళ్లు తలుపుకు అడ్డుగా పెట్టుకుంది. చివరికి నగల వ్యాపారికి మూడున్నర డాలర్లకు అమ్మేశారు. అది బంగారమని తర్వాత తెలిసింది. ఆ చుట్టుపక్కల గనులు తవ్వారు. బానిసల చేత కూడా తవ్వించారు. పొడి బంగారం సంచిలో పెట్టుకుని బజారుకు పోయేవాళ్లకు నాణెం కావాలి, ఫిలడెల్ఫియా చూస్తే దూరం. క్రిస్టఫర్ బెక్ట్లర్ అనే జర్మన్ కంసాలి రూథర్‌ఫర్డ్ ప్రాంతంలో సొంతంగా టంకశాల పెట్టి వాళ్ల బంగారాన్ని వాళ్లకే నాణేలుగా కొట్టి ఇచ్చాడు. అమెరికాలో మొట్టమొదటి బంగారు డాలరు అతనిదే. ప్రభుత్వానిది కాదు.

1836లో ప్రభుత్వం కూడా ఒక బంగారు డాలరు మచ్చు దింపింది. చెక్కినది క్రిస్టియన్ గోబ్రెక్ట్. నాకు అన్ని మచ్చు కాసుల్లోకీ ఇదే ఇష్టం. ఒకవైపు ఒట్టి టోపీ, దాని చుట్టూ దిక్కులన్నిటికీ పాకిన కిరణాలు, టోపీ మీద లిబర్టీ అన్న మాట. రెండోవైపు గుండ్రంగా వంచిన ఒక తాటాకు మట్ట లాంటి కొమ్మ, దాని నడుమ ఒకటి అన్న అంకె, డాలరుకు గుర్తుగా డీ అక్షరం. అంతే. స్త్రీ మూర్తి లేదు, గద్ద లేదు, నక్షత్రాల లెక్క లేదు. కిరణాల టోపీ మెక్సికో వెండి నాణేల మీద అప్పటికే ఉన్నదే, అమెరికా బజార్లలో అందరి చేతుల్లో తిరిగినదే. కానీ అర అంగుళం బంగారం మీద దాన్ని ఒంటరిగా నిలబెట్టడంలో గోబ్రెక్ట్ చేతి నిగ్రహం కనిపిస్తుంది. చిన్న చోటులో చెక్కేవాడికి ఏం వదిలేయాలో తెలియాలి. తాతయ్య ముక్కుపుడక చేసేటప్పుడు ఇదే మాట అనేవారు. ఉన్న చోటంతా నింపేస్తే రాయి ఊపిరాడక చస్తుంది అని.

ఆ టోపీ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. రోమన్ కాలంలో బానిసకు విముక్తి ఇచ్చినప్పుడు నెత్తిన పెట్టే టోపీ అది. 1836లో అదే దేశంలో లక్షల మంది బానిసలు. తల లేని ఆ టోపీని చూసినప్పుడల్లా అది ఎవరి తల కోసం ఎదురుచూస్తోందని నాకు అనిపిస్తుంది. గోబ్రెక్ట్ అలా ఆలోచించాడని నేననను. బొమ్మ తనంతట తాను చెప్పే మాటలు చెక్కినవాడి లెక్కలో ఉండనక్కర్లేదు.

అదే సంవత్సరం మార్చిలో ఫిలడెల్ఫియాలో మొదటి ఆవిరి యంత్రం నాణేలు కొట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు మనుషులు బలం పెట్టి మర తిప్పేవాళ్లు. కొత్త యంత్రం, కొత్త చేతులు, బంగారం కావాలనే ప్రెసిడెంటు ఆండ్రూ జాక్సన్. అన్నీ కలిసొచ్చినట్టే ఉంది. టంకశాల పెద్ద రాబర్ట్ పాటర్సన్‌కు మాత్రం బంగారు డాలరు అంటేనే గిట్టలేదు. మరీ చిన్నది, పోగొట్టుకుంటారు అని వాదన. మచ్చు బీరువాలోకి పోయింది. పదమూడేళ్లు గడిచాయి.

ఆ బీరువా గురించి కూడా చెప్పాలి. ఆడమ్ ఎక్‌ఫెల్ట్ అని టంకశాలలో నాణేలు కొట్టించే అధికారి ఉండేవాడు, 1814 నుంచి 1839 దాకా. ఎవరూ అడగకపోయినా ఆయన మంచి నాణేలనూ, అరుదైన వాటినీ ఒక్కొక్కటిగా పక్కకు తీసి దాచాడు. 1838లో వాటితోనే టంకశాలలో ప్రదర్శన గది వెలిసింది. 1923లో ఆ సంగ్రహం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కు చేరింది. ఒక మనిషి డబ్బాలో వేసుకుంటూ పోవడం వల్లే ఇవాళ మనం ఇదంతా మాట్లాడుకోగలుగుతున్నాం. తాతయ్య డబ్బాను తూకానికి వేసేద్దామని ఇంట్లో ఒకరు అన్నప్పుడు నేను ఎందుకంత గొంతు పెంచానో ఇప్పుడు నాకు బాగా తెలుస్తోంది.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. మరుసటి సంవత్సరం మార్చి 3న కాంగ్రెస్ రెండు కొత్త నాణేలకు చట్టం చేసింది. ఒకటి అతి చిన్నది, డాలరు. ఒకటి అతి పెద్దది, ఇరవై డాలర్లు. రెండూ ఒకే మనిషి నెత్తిన పడ్డాయి. జేమ్స్ బార్టన్ లాంగేకర్. పుస్తకాలకు మహనీయుల చిత్రాలు రాగిరేకు మీద గీసి పేరు తెచ్చుకున్నవాడు. 1844లో గోబ్రెక్ట్ చనిపోతే టంకశాలలో ఆ చోటికి వచ్చాడు. ఉక్కు అచ్చు చెక్కడం అతనికి పుట్టుకతో వచ్చిన పని కాదు. పాటర్సన్‌కూ, నాణేలు కొట్టించే ఫ్రాంక్లిన్ పీల్‌కూ అతనంటే పడేది కాదు.

డాలరు మొదట వచ్చింది. అడ్డుకొలత 13 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. బరువు 1.672 గ్రాములు. కోస్తాలో మనం కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు. ఇది దానిలో అయిదో వంతుకు కాస్త ఎక్కువ. పాటర్సన్ భయం నిజమే అయింది, వేళ్ల సందున జారిపోయే నాణెం అది. బంగారం పెంచడానికి వీల్లేదు, పెంచితే డాలరు డాలరు కాదు. మరి పెద్దది చేయడం ఎలా? నడుమ బంగారం తీసి అంచుకు పంచితే సరి. 1849లోనే చదరపు చిల్లుతో ఒక మచ్చు తయారైంది. 1852లో గుండ్రని చిల్లుతో మరికొన్ని దింపారు. అందులో ఒకదాని గురించే మొదట చెప్పాను.

లెక్క ప్రకారం ఇంత తెలివైన ఉపాయం మరొకటి లేదు. బరువు అంతే, చేతికి పట్టు దొరుకుతుంది, చీకట్లో కూడా వేలితో తెలుస్తుంది. కానీ ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసినా నాకు ఒకటే అనిపిస్తుంది. స్వేచ్ఛ మొహం ఉండవలసిన చోటే చిల్లు పడింది. ప్రెసిడెంటును వద్దని, రాజును వద్దని, ఎంతో వాదించి తెచ్చుకున్న మొహం అది. చిల్లు పెట్టిన డాలరు మీద ఆ తలకు జాగా లేదు. దాన్ని పక్కనపెట్టడంలో ఇది కూడా ఎవరి మనసులోనైనా ఉండే ఉంటుందని నా ఊహ.

చివరికి 1854లో సులువైన దారి పట్టారు. అదే బంగారాన్ని పలచగా సాగదీసి 15 మిల్లీమీటర్లు చేశారు. ఈకల కిరీటం పెట్టిన స్త్రీ తల వేశారు. ఆ తల మరీ ఉబ్బెత్తుగా రావడంతో, సరిగ్గా దాని వెనకవైపు ఉన్న సంవత్సరం అంకెలు మసకగా దిగాయి. ఒకవైపు లోహం పైకి లేస్తే రెండోవైపుకు చాలదు, ఏ కంసాలిని అడిగినా చెబుతాడు. 1856లో మళ్లీ తల మార్చారు. ఈ నాణేన్ని ఇంకొన్నాళ్లు మచ్చుగానే ఉంచి చూసుకోవలసింది.

1860 నాటి అయిదు డాలర్ల మచ్చు కథలో దొంగలు ఉన్నారు. అప్పట్లో ప్లాటినం బంగారం కన్నా చౌక, బరువు మాత్రం బంగారానికి తీసిపోదు. నాణేన్ని అంచు వెంట రెండు పలకలుగా కోసి, లోపలి బంగారం తొలిచి తీసి, ప్లాటినం కూరి, మళ్లీ అతికేవాళ్లు. తూచినా దొరకదు. దానికి విరుగుడుగా, నాణేన్ని వెడల్పు చేసి, తొలవడానికి మందమే లేనంత పలచగా చేద్దామని డాక్టర్ బార్క్లే అనే ఆయన సలహా. లాంగేకర్ ఆ మేరకు అందమైన మచ్చు చేశాడు. పలచని నాణెం వంగిపోతుంది, ఒకదాని మీద ఒకటి పేర్చినా కుదురుగా ఉండదు. అది అక్కడే ఆగింది. మా ఇంటి గాజుల్లో లక్క కూరిన గాజు ఏదో, గట్టి గాజు ఏదో తాతయ్య నేలమీద జారవిడిచి చప్పుడుతో చెప్పేవారు. మోసం కన్నా ఒక అడుగు ముందుండాలని పడే తాపత్రయం అన్ని దేశాల్లోనూ ఒకటే.

1879లో వచ్చిన నాలుగు డాలర్ల స్టెల్లా మచ్చు గురించి ఎక్కువ చెప్పను, దాని పేరు అందరూ చెప్పేదే. ఆస్ట్రియాలో అమెరికా రాయబారి జాన్ కాసన్ ఆలోచన అది. యూరప్ నాణేలతో కలిసిపోయే అమెరికా నాణెం ఒకటి కావాలని. ఏడు గ్రాముల లోహంలో బంగారం ఎంత, వెండి ఎంత, రాగి ఎంత అని నక్షత్రాల మధ్య నాణెం చుట్టూ రాశారు. కాంగ్రెస్ వద్దంది. మిగిలిన స్టెల్లాల్లో చాలావాటి మీద ఒకప్పుడు నగకు అతికిన ఆనవాళ్లు ఉన్నాయి. సవరన్లను గుచ్చి కాసులపేరు కట్టుకున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకు అందులో వింత లేదు. ఖర్చు పెట్టడానికి పనికిరాని బంగారం చివరికి మెడకే చేరుతుంది.

ఇక్కడ ఒక నొప్పి కలిగించే సంగతి ఉంది. 1850ల చివర్లో అమెరికాలో నాణేల సేకరణ పిచ్చి పెరిగింది. పాత మచ్చులకు గిరాకీ వచ్చింది. టంకశాల పెద్ద జేమ్స్ రాస్ స్నోడెన్, వాషింగ్టన్ బొమ్మ ఉన్న పతకాలు తన ప్రదర్శనకు సంపాదించడం కోసం, పాత అచ్చులు బయటికి తీయించి, పాత సంవత్సరాలతోనే మళ్లీ కొత్తగా కొట్టించి బదులిచ్చాడు. గోబ్రెక్ట్ డాలరు మచ్చులు కూడా ఇలా మళ్లీ పుట్టాయి. లోహం అదే, అచ్చు అదే, టంకశాల కూడా అదే. అయినా నేను వాటిని ఆ కళ్లతో చూడలేను. మచ్చు కాసులో నేను వెతికేది సందేహం. ఇది బాగుందా, ఇలా ఉంచుదామా అని ఒక చెయ్యి వణికిన క్షణం. జవాబు తెలిసిపోయిన ఇరవై ఏళ్ల తర్వాత ఆ ప్రశ్నను మళ్లీ అచ్చు వేస్తే అందులో ఆ వణుకు ఎక్కడిది? సేకరించేవాళ్లు వాటికీ లక్షలు పోస్తారు, అది వాళ్ల ఇష్టం. తాతయ్య డబ్బాలోని రాగి కాసుకు ఇంకో నకలు చేయించి ఇస్తామంటే నేను వద్దంటాను.

మచ్చుల మీద ప్రేమ ఒక మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్లిందో విలియం వుడిన్ కథ చెబుతుంది. 1877లో విలియం బార్బర్ యాభై డాలర్ల నాణేనికి రెండు బంగారు మచ్చులు చేశాడు. ప్రభుత్వం వేసిన మచ్చుల్లో అవి అతి బరువైనవి. ఎలాగో టంకశాల గడప దాటి బయటికి వచ్చాయి. 1909లో వుడిన్ ఒక్కోదానికి పదివేల డాలర్లు పోసి కొన్నాడు. అవి దేశం సొత్తని, అమ్మకూడనివని గోల మొదలైంది. చివరికి అతను వాటిని తిరిగి ఇచ్చేశాడు. బదులుగా టంకశాలలో పడి ఉన్న పాత మచ్చులు పెట్టెలకొద్దీ పుచ్చుకున్నాడు. రెండు పెద్ద బంగారు బిళ్లలు ఇచ్చి, రాగీ వెండీ చిత్తుప్రతులు తెచ్చుకున్నాడన్నమాట. వాటిని ముందేసుకుని ఎడ్గర్ ఆడమ్స్‌తో కలిసి 1913లో మచ్చుల మీద పుస్తకం తెచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లంతా ఆ పుస్తకం మీద నిలబడే మాట్లాడారు.

అదే వుడిన్ 1933లో రూజ్వెల్ట్ కింద ఆర్థికమంత్రి అయ్యాడు. ఏప్రిల్ 5న దేశంలో ప్రజల దగ్గరున్న బంగారం ప్రభుత్వానికి అప్పగించాలని ఉత్తర్వు వెలువడింది. ఇంట్లో దాచుకున్న నాణేలు బ్యాంకు కిటికీ దగ్గరికి నడిచాయి, తర్వాత కరిగి దిమ్మలయ్యాయి. కానీ ఆ ఉత్తర్వులో ఒక చిన్న మినహాయింపు ఉంది, సేకరించేవాళ్లు విలువిచ్చే అరుదైన నాణేల జోలికి పోకూడదని. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఆ మంత్రి ఇంట్లోని పెట్టెలు కళ్ల ముందు మెదులుతాయి. అమెరికా బంగారం చరిత్రలో ఆ ఒక్క వాక్యానికి నేను దండం పెడతాను.

ఇక లాంగేకర్ ఇరవై డాలర్ల సంగతి. పాటర్సన్, పీల్ అతనికి యంత్రాలు అందనివ్వలేదు, సాయం ఇవ్వలేదు. ఒక్కడే చెక్కాడు. మొదటి అచ్చులు మరీ ఉబ్బెత్తుగా వచ్చి యంత్రం కింద సరిగా దిగలేదు. ఆవిరి యంత్రం ఒక్క దెబ్బ వేస్తుంది, ఆ ఒక్క దెబ్బకే మొహం నుంచి చుక్కలదాకా అన్నీ లేవాలి. 1849 డిసెంబరుకు మచ్చు సిద్ధమైంది. 33 గ్రాముల పైన బరువు, మూడు తులాలకు కొంచెం తక్కువ. ఇవాళ ఒక్కటే ఉంది, స్మిత్సోనియన్‌లో. ఆర్థికమంత్రి మెరిడిత్‌కు పంపిన మరొకటి తర్వాత ఎవరి కంటా పడలేదు.

అతన్ని ఉద్యోగం నుంచి తీసేయించాలని ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. అచ్చులు మళ్లీ దిద్దాడు, మట్టం తగ్గించాడు. 1850 మార్చిలో నాణేలు బయటికి వచ్చాయి. ఆ ఒక్క ఏడాది ఫిలడెల్ఫియాలోనే 11,70,261 కొట్టారు. కాలిఫోర్నియా బంగారమంతా ఆ మొహం కిందికే వచ్చి చేరింది. స్త్రీ మూర్తి నెత్తిన చిన్న కిరీటం, దాని మీద లిబర్టీ అన్న ఇంగ్లీషు మాట. ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా కొట్టేటప్పుడు లాంగేకర్ ఎల్ తర్వాత ఐ కొట్టవలసిన చోట మళ్లీ ఎల్ కొట్టాడు. చూసుకుని, దాని మీదే ఐ కొట్టాడు. ఆ మూల అచ్చు 1858 దాకా పనిచేసింది. దాని నుంచి దిగిన నాణెం ఏది తీసుకున్నా, భూతద్దం పెట్టి కిరీటం మీద రెండో అక్షరం చూడండి. ఐ అడుగున పాత ఎల్ పాదం కుడివైపుకు కాస్త పొడుచుకుని ఉంటుంది.